పాత నీళ్లు

"నిన్న మూడు నిమిషాల పది సెకన్లమ్మా. ఇవాళ మూడు నిమిషాల ఇరవై," అన్నాడు ఫోన్లో పెద్దాయన.

రిపోర్టుల అమ్మాయి తల పట్టుకుంది.

ఏటి నీటిమట్టం ఎంతుందో రోజూ వెబ్‌సైట్‌లో పెట్టే ఆఫీసు అది. ఆ పేజీ తయారుచేసేది ఆమే. అది చాలా ఆలస్యంగా తెరుచుకుంటోందని పన్నెండు రోజులుగా ఆయన ఫోను చేస్తున్నాడు. ఆఫీసు తలుపులు తీయగానే, సరిగ్గా తొమ్మిదింటికి. సెకన్లతో సహా చెబుతాడు గనుక అందరూ కలిసి ఆయనకు గడియారం తాత అని పేరు పెట్టేశారు.

ఆఫీసు కంప్యూటర్లలో మాత్రం ఆ పేజీ రెప్పపాటులో వచ్చేది. అందుకే లోపం తాత ఫోన్లోనే ఉందని ఆమె తేల్చేసింది.

ఫోను ఆపి మళ్లీ పెట్టమంది. పెట్టాడు. పాత ఫొటోలు తీసేయమంది. తీసేశాడు. మేడెక్కి చూడమంది. మేడ లేదని ఏటిగట్టు ఎక్కి చూశాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మర్నాడు తొమ్మిదింటికి మళ్లీ సెకన్లు చెప్పాడు.

చివరికి ఆమే విసుక్కుంది.

"అంత తొందరేమిటండీ మీకు?"

"నాకేం తొందరమ్మా, తీరిగ్గా ఉన్నవాణ్ణి. రేవులో పడవకే తొందర. ఎగువన నీళ్లెంతున్నాయో మీ పేజీలో చూశాకే తాడు విప్పుతారు. మొన్న అది ఎంతకీ రాలేదని చూడకుండానే బయల్దేరారు. నడి ఏట్లో ఉండగా నీళ్లు పెరిగాయి. తొమ్మిది మంది బడిపిల్లలున్నారు అందులో. ఎలాగో ఒడ్డున పడ్డారనుకో."

ఆ మధ్యాహ్నం ఆఫీసు బయట బస్టాపులో నిలబడి, తన సొంత ఫోన్లో ఆ పేజీ తెరిచింది.

తెల్లటి తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. ఒక బస్సు వచ్చి వెళ్లింది. రెండోదీ వచ్చి వెళ్లింది. చక్రం తిరుగుతూనే ఉంది.

మర్నాడు తాతకంటే ముందు ఆమే ఫోను చేసింది. తప్పు తమదేనని ఒప్పుకుంది. ఒక్కొక్కటీ మార్చి చూస్తానని, సెకన్లు లెక్కపెట్టి చెప్పమని అడిగింది.

తాత తెగ సంబరపడ్డాడు.

పేజీ పైనున్న పెద్ద ఫొటో తీసేసింది. రెండు నిమిషాల నలభై అన్నాడు. పదిహేడు గ్రాఫుల్లో పదిహేను తీసేసింది. నిమిషం యాభై అన్నాడు. పక్క బల్లలవాళ్లు కూడా చేతిలో పని వదిలేసి, ఈసారి ఎంత చెబుతాడోనని చెవులు రిక్కించేవారు.

నిమిషం యాభై దగ్గర బండి ఆగిపోయింది.

రెండు రోజులు వెతగ్గా వెతగ్గా కారణం దొరికింది. ఇవాళ్టి ఒక్క అంకె చూపించడానికి, నీటిమట్టం కొలిచే యంత్రం రాకముందు రోజుకు మూడు పూటలా చేత్తో రాసిన ముప్పై ఒక్క ఏళ్ల అంకెలన్నిటినీ ఆ పేజీ ప్రతిసారీ మోసుకొస్తోంది.

వాటిని తీయడానికి ఆమెకు చేతులు రాలేదు. అంత పాత లెక్కలు ఇంకెక్కడా లేవని పెద్ద ఆఫీసరు వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంటాడు. వాడేవాళ్లకు ఎలా ఉంటుందోనని తాతనే అడిగింది.

"పాత లెక్కలు ఆ పేజీలోంచి తీసేసి వేరేచోట పెడితే మీకేమైనా ఇబ్బందాండీ?"

అటునుంచి కాసేపు చప్పుడు లేదు. ఫోను కట్టయిందేమో అనుకుంది.

"ఆ నీళ్లు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయాయమ్మా," అన్నాడు తాత. "పడవవాడికి ఇవాళ్టి నీళ్లు కావాలి. తీసెయ్."

తీసేసింది.

ఆయన పైకే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగిపోయాడు.

"వచ్చేసిందమ్మా."

ఆయన వెనక రేవులో జనం ఈలలు ఫోన్లో వినిపించాయి. ఇటు ఆఫీసులో చప్పట్లు మోగాయి. పెద్ద ఆఫీసరు గదిలోంచి తొంగిచూసి, సంగతేమిటో తెలియకుండానే తానూ చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత తాత ఫోను చేయలేదు. తొమ్మిదయ్యేసరికి ఆమె ప్రాణం ఫోను వైపు లాగేది. వారం ఓపిక పట్టి, సెలవు పెట్టి, బస్సెక్కి ఆ రేవుకి వెళ్లింది.

తాతను ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. ఒడ్డున నిలబడ్డ ఒక ముసలాయన ఫోను చూసి చేయెత్తాడు. పడవ తాడు విప్పారు. పడవలో బడిపిల్లలు ఆయనకు చేతులూపారు.

పడవ ఆయనదేనా అని రేవులో టీ అమ్మే ఆవిడను అడిగింది.

"అబ్బే, ఆయనకు పడవెక్కడిది? ఎగువన కొలత స్తంభం దగ్గర ఉద్యోగం చేసేవారమ్మా. ఎండనక వాననక పూటపూటా ఏట్లో దిగి, నీళ్లెంతున్నాయో చూసి పుస్తకంలో రాయడమే పని. యంత్రం పెట్టాక ఇటొచ్చేశారు."

"ఎన్నేళ్లు రాశారు?" అని అడిగింది రిపోర్టుల అమ్మాయి, మెల్లగా.

"ముప్పై ఒక్క ఏళ్లూ ఆయనొక్కరే," అంది ఆవిడ గ్లాసు అందిస్తూ. ఒడ్డున తాత మాత్రం, పేజీ ఇవాళ మూడు సెకన్లకే వచ్చేసిందని పక్కనున్న వాళ్లకు మురిసిపోతూ చెబుతున్నాడు.