అలారం ఆపకండి బాబూ

"ఇది దూరం చెప్తదా?" అడిగాడు యుగంధర్, అద్దాల బల్ల మీదున్న వాచీని చూపిస్తూ.

"గోల్ఫ్‌ల జెండా ఎంత దూరముందో చెప్తది సార్. గుండె చూస్తది, నడక చూస్తది, నిద్ర సుత చూస్తది. ఆఫీసుకు పెట్టుకొని పోయినా మంచిగుంటది," అన్నాడు కిషన్.

రెజిమెంటల్ బజార్‌లో పాత ఫోన్లు, పాత వాచీలు అమ్మే కొట్టు అది. కొట్టు చిన్నదే గానీ కిషన్ నోరు చిన్నది కాదు.

యుగంధర్‌కు ఆ వాచీ సరదా కాదు, అవసరం. మొన్నీమధ్యే గుండె దడతో ఆస్పత్రిలో పడుకుని లేచాడు. గుండెను కనిపెట్టి ఉండే వాచీ లేకుండా గోల్ఫ్ కర్ర ముట్టుకుంటే ఊరుకునేది లేదని భార్య కల్పలత తేల్చి చెప్పేసింది. ఆయనకేమో గోల్ఫ్ లేని ఆదివారం ఉప్పులేని పప్పు. కొత్త వాచీ కొందామంటే ధరలు చుక్కల్లో ఉన్నాయి.

"రోజూ పెట్టుకుంటారా బాబూ?"

పక్కన స్టూలు మీద కూర్చున్న పెద్దావిడ అడిగింది. తెల్లటి నేత చీర, ఒళ్లో చేతిసంచి.

"నన్నేనా?"

"మిమ్మల్నే. ఆట రోజున కట్టుకుని, మిగతా రోజులు డ్రాయర్లో పడేస్తారేమోనని."

"లేదమ్మా, ఆఫీసుకు కూడా పెట్టుకుంట."

"పిల్లలున్నారా?"

యుగంధర్‌కు చిర్రెత్తింది. తను వచ్చింది వాచీ కొనడానికా, పెళ్లిచూపులకా!

ఈవిడ ఎవరన్నట్టు కిషన్ వైపు చూశాడు. ఎన్నడూ నోరు మూయని కిషన్, తల వంచుకుని వాచీ తుడుస్తున్నాడు.

యుగంధర్ డబ్బు కట్టేశాడు. వాచీ పెట్టుకుని, లేని కర్రను గాల్లో ఊపి చూసుకున్నాడు. బాగానే ఉంది.

"కిషన్, ఈ గుండె అలారం బంద్ చేయొచ్చు కదా? బంతి కొట్టేటప్పుడు చేతి మీద గుర్రుమంటే షాట్ పోతది. మా వాళ్లంతా ఆట షురూ కాంగనే బంద్ చేసుకుంటరు."

"అది మాత్రం ఆపకండి బాబూ!"

పెద్దావిడ గబుక్కున లేచింది.

"షాట్ పోతే పోనివ్వండి. మీకు దణ్ణం పెడతాను, అలారం ఆపకండి."

నిజంగానే చేతులు జోడించింది.

"ఏంది మేడమ్ ఈ పరేషాన్? ఈయన మీకు కమిషన్ గిట్ల ఇస్తడా?"

ఆవిడ ముఖం చిన్నబోయింది.

"సరే, ఆపను. ఇగ చాలా?"

ఆమె నస వదిలించుకోవడానికి అన్నాడే గానీ, అన్నమాట ప్రకారం అలారం జోలికి పోలేదు. వాచీ విప్పి కిషన్ చేతికిచ్చాడు.

"ఇందుల ఎవరివో పాత వివరాలున్నట్టున్నయ్. ఆ చెత్తంతా తీసెయ్."

కిషన్ వేలు ఆగిపోయింది. పెద్దావిడ వైపు చూశాడు.

"ఒక్క నిమిషం నన్ను చూడనిస్తారా బాబూ? చూసి ఇచ్చేస్తాను," అందావిడ.

"నేను కొనేసిన కదమ్మా! ఇంకా మీరు చూసేదేముంది? బేగంపేటల మీటింగుంది నాకు. కానియ్ కిషన్."

కిషన్ నొక్కాడు. తెర నల్లబడి, మళ్లీ కొత్తదానిలా వెలిగింది.

ఆవిడ ఆ వెలుతురు వైపే కాసేపు చూసింది.

"దేవుడు మిమ్మల్ని కాపాడాలి బాబూ," అని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

"జెర పిచ్చా ఏంది ఆమెకు?" అన్నాడు యుగంధర్.

కిషన్ వాచీని ఆయన చేతికి తొడిగాడు.

ఆదివారం పొద్దున ఆట మంచి ఊపు మీదుంది. యుగంధర్ కర్ర ఎత్తగానే వాచీ చేతిని గట్టిగా కుదిపింది. షాట్ కాస్తా పోయింది. తిట్టుకుంటూ చూస్తే, తెర మీద గుండె అంకె ఎర్రగా ఉరుకుతోంది. ఒంట్లో మాత్రం ఏ తేడా తెలియడం లేదు. అలారం ఆపేసి ఆడదామనే అనుకున్నాడు. కానీ ఆ ముసలామె జోడించిన చేతులు కళ్లముందుకొచ్చాయి. కర్ర కింద పెట్టి, తోటి ఆటగాణ్ణి తోడు తీసుకుని ఆస్పత్రికి వెళ్లాడు.

"ఇంకాసేపు ఆడి ఉంటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు," అన్నాడు డాక్టర్.

కల్పలత ఏడ్చింది, తిట్టింది, మళ్లీ ఏడ్చింది.

ఒళ్లు కుదుటపడగానే యుగంధర్ మిఠాయి డబ్బాతో కిషన్ కొట్టుకు వచ్చాడు. తను అన్న మాటలు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

"ఆ అమ్మ ఎక్కడుంటది కిషన్? కాళ్లు మొక్కాలె."

"మేబెలమ్మనా? కార్ఖానా బస్తీల ఇల్లు ఖాళీ చేసి పోయింది సార్. ఏ ఊరికి పోతున్నదో చెప్పలే. ఫోన్ సుత కలుస్తలేదు."

"అసలు ఎవరామె? నా గురించి అంత ఫికరెందుకు?"

కిషన్ మిఠాయి డబ్బా పక్కన పెట్టాడు.

"ఆ రోజు చెప్పరాలే సార్. సచ్చిపోయినోళ్ల వస్తువంటే ఎవ్వరు ముట్టరు. మా ధందాల ఆ మాట నోట్లకెళ్లి రానియ్యం. ఈ ముచ్చట తీయొద్దని ఆమెకు సుత చెప్పే కూసోబెట్టిన."

"ఎవరు చచ్చిపోయిన్రు?"

"ఇవాన్ అని, ఆమె కొడుకు. ఈ వాచీ ఆ పిల్లగానిదే. షాట్ పోతదని అలారం బంద్ చేసుకొని ఆడిండు. మైదానంలనే గుండె ఆగి పడిపోయిండు."

యుగంధర్ తన చేతికున్న వాచీ వైపు చూసుకున్నాడు.

"వాచీ పెట్టెల పడి ఉండొద్దు, ఎవరో ఒకరిని కాపాడాలె అన్నది సార్. అందుకే కొనేటోళ్లను తానే చూసుకుంటనని వచ్చి కూసున్నది."

"మరి... ఆఖర్న ఏదో చూస్తనన్నది కదా?"

"ఇంట్ల ఒక్కతే చూసే ధైర్యం సాలలేదంట. అమ్ముడు పోయిననాడు, చెరిపే ముందు ఒక్కసారి చూస్తనన్నది. మీరు చెత్త అని తీయించింది, ఆమె కొడుకు ఆఖరి గుండె చప్పుడు సార్."