సుల్తాన్ మీద పాలు

"నిజం చెప్పు సుధా, పాముకు ఏం పెట్టావు?"

ఇంటి యజమానురాలు మామా అరబ్బీలో అరిచిందంటే, గల్ఫ్‌లో మిష్రిఫ్ పేటలోని ఆ విల్లా అంతా గప్‌చుప్. సుధారాణి నీళ్ల గిన్నె పట్టుకుని తల దించుకుంది. హాల్లో అద్దాల పెట్టె దగ్గర పశువుల డాక్టరు గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు. పెట్టెలో ఓ మూల చుట్టచుట్టుకుని పడి ఉన్నాడు సుల్తాన్. మామా కొడుకు యూసుఫ్ ముచ్చటపడి తెచ్చుకున్న కొండచిలువ. ముచ్చట యూసుఫ్‌ది, చాకిరీ మాత్రం సుధారాణిది.

"ఎలుకే మామా. ఎప్పటిమాదిరే ఐసుపెట్టెలోది తీసి వేణ్ణీళ్లలో నానబెట్టి, పట్టకారుతో అందించినా. ముట్టలేదు."

"వారాల తరబడి ముట్టలేదు! దానికేమైనా అయితే నువ్వు విమానం ఎక్కుతావు. ఖలాస్!"

సుధారాణి వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడింది. వంటమనిషి సంజీవమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. ఇద్దరిదీ రాయచోటి వైపే.

"ఏంమే, మొగం అట్ల పెట్టినావు? పాము తినకుంటే నీదా తప్పు?"

"నాదేక్కా." గొంతు తగ్గించింది. "నాగులచవితి నాడు మీరంతా బజారుకు పోయినప్పుడు, సామి నెత్తిన పాలు పోసినా."

సంజీవమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. "పాలా! ఆ అద్దాల పెట్టెలోనా? నీకేమన్నా పిచ్చా?"

"మరేం జేసేదక్కా? ఈ ఎడారిలో పుట్టను యాడని ఎతికేది? సామే ఇంట్లో ఉండాడు గదా అని పాలు పోసి, పసుపు కుంకం పెట్టి మొక్కుకున్నా. పెండ్లయి ఇన్నేండ్లాయె. మా ఆయన ఆ అమ్ఘరా పాతసామాన్ల యార్డులో తుక్కు మోస్తా ఉండాడు, నేను ఈడ. శుక్రవారం ఒకపూట కనపడితే గొప్ప. ఒక్క బిడ్డనీ సామీ అని అడిగినా. ఆ పొద్దు నుంచే తిండి మానేసినాడు."

అంతవరకూ ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "బిడ్డనియ్యమని పోయి నాగేంద్రుని ప్రాణం తీస్తే ఆ దోషం ఊరికే పోతాదా? ఇంక నా కడుపు పండదక్కా."

సంజీవమ్మ మనసు కలుక్కుమంది. కానీ ఆమెకు భయం ఇంకా ఎక్కువ. "నోరు మూసుకోని గమ్మునుండు. ఈ మాట మామా చెవిన పడిందా, నీ పెట్టె గేటు బయట ఉంటాది. డాక్టరుకేం తెలుస్తాది? ఎలుక పడలేదనుకుంటాడు."

"అట్లనుకుంటే ఎలుక పడనిదానికి మందిస్తాడు గదక్కా. నేను పోసింది పాలాయె."

సుధారాణి పిరికిది. ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఆ పెట్టె ముందు నుంచి నడవాల్సి వస్తే గోడకు అతుక్కుని నడిచేది. అలాంటి మనిషి కొంగుతో ముక్కు తుడుచుకుని, సంజీవమ్మ చెయ్యి విదిలించుకుని, నేరుగా హాల్లోకి పోయి మామా ఎదుట నిలబడింది.

"మామా, నేను పాలు పోసినా. సుల్తాన్ నెత్తిన. చెంబుడు."

మామాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "పాలా? పాము మీదా?"

"అందుకా ఆ రోజు పెట్టెలో పసుపు మరకలు!" అన్నాడు పక్కనే ఉన్న యూసుఫ్.

"బిడ్డలు కావాలంటే మా ఊర్లో అట్లే పోస్తాం మామా. నన్ను పంపించెయ్, పోతా. సుల్తాన్‌ను మాత్రం బతికించమను."

డాక్టరు సుధారాణి వైపు తిరిగాడు. "పాలు తాగాడా?"

"లేదు. నాలుక ఆడించినాడు అంతే. భయమేసి తడిగుడ్డతో తుడిచేసినా."

"పాములు పాలు తాగవమ్మా. ఇంకెప్పుడూ పోయకు. అయినా తినకపోవడానికి కారణం అది కాదులే. ఉండు, చూద్దాం."

సుల్తాన్‌ను బల్ల మీద పడుకోబెట్టమన్నాడు. వేరెవరూ చెయ్యి వేయలేదు. సుధారాణే రెండు చేతులా ఎత్తి తెచ్చి, తల దగ్గర పట్టుకుంది. డాక్టరు పాము ఒంటికి జెల్లు రాసి స్కానింగు మిషన్ ఆనించాడు. తెర వైపు చూశాడు. కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూశాడు. సుధారాణి గట్టిగా కళ్లు మూసుకుంది.

"ఈ పెట్టెలో ఇంకో పామును ఎప్పుడైనా ఉంచారా?"

"నా స్నేహితుడు ఊరికెళ్తూ వాడి పామును ఇక్కడ వదిలాడు. కొన్నాళ్లు రెండూ కలిసే ఉన్నాయి," అన్నాడు యూసుఫ్ కంగారుగా. "ఏం డాక్టర్? దాని నుంచి రోగం అంటిందా?"

డాక్టరు తెరను సుధారాణి వైపు తిప్పాడు. "కళ్లు తెరిచి చూడు. వరసగా, గుండ్రంగా... ఇవేంటో చెప్పు."

సుధారాణి చూసింది. చివరికి గొణిగింది. "గుడ్లు."

"గుడ్లే. మీ సుల్తాన్ మగవాడు కాదు. గుడ్లు పెట్టేదాకా ఇంతే, తిండి ముట్టదు. ఏ భయమూ లేదు."

సుధారాణి బల్ల అంచు పట్టుకుని అలాగే నేల మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. "నాకిమ్మని పాలు పోస్తే నువ్వు తెచ్చుకుంటివా సామీ!"

గుమ్మంలో సంజీవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పడీపడీ నవ్వింది. ఏమంటోంది, ఏమంటోందని మామా గద్దిస్తే, ఊపిరి తిప్పుకుని అరబ్బీలో చెప్పింది. మామా మొహం గంభీరంగా పెట్టాలని చాలాసేపు చూసింది. పెదవులు మాట వినలేదు.

"వచ్చే ఏడు ఆ పాలు పాము మీద పోయొద్దు, పక్కన గిన్నెలో పెట్టు," అంది సుధారాణిని లేవనెత్తుతూ. "బిడ్డ ఎవరికి కావాలో పేరు మాత్రం గట్టిగా చెప్పు!"