డబుల్ బెల్

"మళ్ళీ సోడాయేనా చేట్టా? అక్కడ నా బిడ్డ జ్వరంతో కాలిపోతుంటే, ఇక్కడ నీకు తేన్పులు కావాల్సొచ్చాయా?"

కండక్టర్ జిష అరుపు బస్సు మొత్తానికీ వినబడింది. ఆమె చేట్టా, అంటే అన్నా, అని పిలిచే డ్రైవర్ వాసవన్ బడ్డీకొట్టు ముందు నిలబడి, ఉప్పు వేసిన నిమ్మసోడా సగం తాగి గ్లాసు కింద పెట్టాడు.

"గ్యాస్ పట్టింది తల్లీ. పొద్దున తిన్న కర్రపెండలం అరగలేదు."

"నీ గ్యాసు కోసం ఊరూరా ఆగాలా? చేతకాకపోతే సెలవు పెట్టుకో. మమ్మల్నిలా చంపకు."

వాసవన్ మిగిలిన సోడా వదిలేసి బస్సు వైపు నడిచాడు.

"సరే. ఇక నోరెత్తను. నీ గంట నీది, నా స్టీరింగు నాది." ఎక్కి కూర్చున్నాడు.

కొండ దిగుతున్నంతసేపూ బస్సు నత్తలా పోయింది. బిడ్డ పోతపాలు తాగడం లేదని అత్తగారు చెప్పాక ఫోను సిగ్నల్ కూడా పోయింది. ఖాకీ కోటు కింద జిష జాకెట్టు పాలతో తడిసిపోయింది. బిడ్డ ఉన్న ఊరు తొడుపుళ ఎప్పటికి వస్తుందో తెలియడం లేదు.

ఇంతలో ఒక మలుపులో, ఆమె గంట కొట్టకుండానే బస్సు ఆగింది. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ. ఏనుగులు దాటుతున్నాయేమోనని అందరూ కిటికీల్లోంచి తొంగిచూశారు. రోడ్డు ఖాళీగా ఉంది.

ఒక గంట కొడితే ఆగాలి. రెండు కొడితే కదలాలి. జిష గంట తాడు రెండుసార్లు లాగింది. బస్సు కదల్లేదు. మళ్ళీ లాగింది.

"అలిగాడమ్మా మీ చేట్టన్," అన్నాడు రబ్బరు తోటలో పనిచేసే కురియాకో. "నువ్వెళ్ళి బతిమాలితేగానీ కదలడు."

"నా మొగుడు అలిగితేనే బతిమాలలేదు. ఈయన్ని బతిమాలతానా?"

"మొగుడి చేతిలో బస్సు లేదుగా పిల్లా," అంది వెనక సీట్లోంచి త్రేస్యామ్మ.

బస్సంతా నవ్వింది. జిషకి నవ్వూ, ఏడుపూ కలిసి వచ్చాయి. పంతం పట్టి తాడు పట్టుకునే నిలబడింది. వెనక వచ్చిన జీపు హారన్ కొట్టి కొట్టి, పక్కనుంచి దాటిపోయింది. డ్రైవర్ సీట్లోంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

ఆఖరికి బిడ్డ ముఖం కళ్ళముందు మెదిలింది. సీట్లు పట్టుకుంటూ ముందుకు నడిచి, డ్రైవర్ వెనక నిలబడి గొంతు తగ్గించింది.

"తప్పు నాదే చేట్టా. బిడ్డ బెంగలో నోరు జారాను. రేపు సోడా నేనే కొనిపెడతాను, పోనీ."

వాసవన్ స్టీరింగు మీద తల ఆనించుకుని ఉన్నాడు. ఆమె భుజం తట్టింది. తల పక్కకి వాలిపోయింది.

కురియాకో పరుగున వచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తన తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. నవ్వులు ఆగిపోయాయి. ముందు చక్రానికీ లోయకీ మధ్య మూరెడు గడ్డి మాత్రమే ఉంది.

వాసవన్ ఎడమ చెయ్యి, చివరికంటా లాగిన హ్యాండ్ బ్రేకుని ఇంకా వదల్లేదు.