ఆరని ఎర్ర దీపం

మా రేడియో క్లబ్బులో కబుర్లు చెప్పడం అందరికీ వచ్చు. కొండెక్కి రిపీటరు బాగుచేయడం మాత్రం నాకొక్కడికే వచ్చట. మెంబర్ల సెట్ల నుంచి వచ్చే మాటలను అందుకుని దూరానికి పంపే పెట్టె అది. సాయంత్రం నుంచి ఎవరో మైకు బటను నొక్కిపట్టి వదలడం లేదు. దాంతో ఇంకెవరి మాటా పోక క్లబ్బంతా మూగబోయింది.

చీకటి పడ్డాక కొండ మీది గది తలుపు తీశాను. ఏదో ఒక సెట్టు నుంచి మాట అందుతున్నంతసేపే వెలిగే ఎర్ర దీపం పెట్టె మీద వెలుగుతోంది. స్పీకరు పెట్టి విన్నాను. మాట లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

క్లబ్బు సెక్రటరీ మా బావే. ఫోన్ చేస్తే నవ్వాడు.

“ఎవడో మైకు మీద కూర్చుని నిద్రపోయుంటాడు. యాంటెన్నా తీగ పీకెయ్, దీపం అదే ఆరిపోతుంది.”

పీకాను. ఆరలేదు.

“బావా, ఇంకా వెలుగుతూనే ఉంది.”

“తీగ లేకుండా దూరం నుంచి ఎలా అందుతుందిరా? సెట్టు ఆ గదిలోనే ఉండుండాలి. నీదే నొక్కుకుపోయిందేమో చూడు.”

“నాది మీ ఇంట్లోనే మర్చిపోయి వచ్చాను కదా!”

“అవును,” అన్నాడు మెల్లగా. “నా ఎదురుగానే ఉంది.”

నా చేతిలోంచి స్పానరు జారి నేల మీద పడింది. ఆ చప్పుడు స్పీకర్లోనూ వినిపించింది.

అమ్మయ్య! సాయంత్రం ఊరికే కొండెక్కిన మెంబరెవడో సెట్టు ఇక్కడే పడేసి పోయుంటాడు. ఇందాకటి నుంచి నేను వింటున్నది నా ఊపిరే. ప్రాణం లేచొచ్చింది. అయినా మనసు ఊరుకోక, ఒక్కసారి ఊపిరి బిగబట్టి చూశాను.

స్పీకర్లో ఊపిరి ఆగలేదు.