నమ్మకమైన బండి

“సారూ, గీ బండిని నమ్ముకోవచ్చా లేదా? గదొక్కటి నిజం చెప్పుండ్రి,” అని జానయ్య మూడోసారి అడిగాడు.

బాలకృష్ణ సారు ముఖం చిట్లించాడు. పొద్దుటి నుంచి అమ్మకానికి పెట్టిన తన పాత కారు బానెట్ ఎత్తి చూపించాడు, కాగితాలు చూపించాడు, నల్గొండ బైపాస్ దాకా తిప్పి తీసుకొచ్చాడు. అయినా నమ్మకం కుదరని మనిషికి ఇంకేం చెప్పాలి?

జానయ్య బాధ జానయ్యది. భార్య నర్సింగమ్మకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు హాలియా అవతలి ఊరి నుంచి నల్గొండ దవాఖానకు డయాలసిస్‌కు తీసుకురావాలి. పోయిన వారం ఆటో నడిదారిలో ఆగిపోయింది. గంటన్నర సేపు రోడ్డు పక్కన కూర్చున్నారు. చెయ్యెత్తితే ఒక్క కారూ ఆగలేదు. ఊపిరాడక ఆమె కళ్లు తేలేసింది. ఎకరం అమ్మైనా సరే సొంత బండి కొనాలని ఆ రోజే అనుకున్నాడు.

ఇప్పుడామె వెనక సీట్లో ఉబ్బిన కాళ్లు చాపుకుని కూర్చుంది. సుఖంగానే ఉందన్నట్టు తలూపింది.

సారు రిటైరైన పంతులు, మాటకారి. తను వద్దన్నా వినకుండా కొడుకు కొత్త కారు కొన్నాడు గాని, ఈ కొత్త కార్లన్నీ ప్లాస్టిక్ డబ్బాలేనన్నాడు. కరెంటు బండ్లయితే చార్జింగ్ అయిపోయినప్పుడు ఎడ్లను కట్టి లాగాల్సిందేనన్నాడు. అక్కడి నుంచి లోకం మీద పడ్డాడు. రోడ్డు మీద మనిషి గిలగిలా కొట్టుకుంటుంటే సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తున్నారు గాని నోట్లో ఇన్ని నీళ్లు పోసేవాడు లేడన్నాడు. కులమనీ మతమనీ మనుషులు ముక్కలైపోయారన్నాడు. తమ గల్లీ మాత్రం అట్లా కాదట. ఇక్కడ అందరూ ఒక్క ఇంటి మనుషులేనట.

జానయ్యకు ఆ మాటలు నచ్చాయి. ఆ రోజు తమను చూసి కూడా ఆగకుండా పోయిన కార్లు కళ్లముందు మెదిలాయి. ఇట్లాంటి మనిషి నడిపిన బండి మంచిదే అయివుంటుందనిపించింది. అయినా ఇరుగుపొరుగును ఒక మాట అడగమని నర్సింగమ్మ ఇంటి దగ్గరే చెప్పింది.

“పక్కింటోళ్లను జర అడుగుత సారూ, ఏమనుకోకుండ్రి.”

“అడుగు జానయ్యా, నాకేం భయం?” అని సారే గోడ మీదుగా కేకేశాడు.

పక్కింటి ఫక్రుద్దీన్ కుట్టుమిషన్ ఆపి బయటికొచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. భుజం మీద నాలుగు నెలల పసిపాప నిద్రపోతోంది. సలాం చేసి, పాపను జోకొడుతూ నిలబడ్డాడు. సంగతి విని, కార్ల గురించి తనకేమీ తెలియదన్నాడు.

సారుకు ఆ జవాబు నచ్చలేదు. కుదరబోతున్న బేరం చెడేటట్టుంది.

“నీకు తెల్వకపోవుడేంది ఫక్రుద్దీన్? రోజు పొద్దుగాల నీ కిటికీ కాడనే స్టార్ట్ చేస్త గద,” అని జానయ్య వైపు తిరిగాడు. “పదకొండేండ్ల సంది ఒక్కనాడు మొరాయించలే. వానైనా చలైనా తాళం తిప్పితె చాలు. నా పిల్లల మీద ఒట్టు.”

పాపను జోకొడుతున్న ఫక్రుద్దీన్ చెయ్యి ఆగింది.

“ఒక్కనాడు గూడ మొరాయించలేదా సార్?”

“ఒక్కనాడు గూడ లేదు. గదే మాట ఆయనకు గట్టిగ చెప్పు.”

ఫక్రుద్దీన్ కారు వైపు చూశాడు. పాప కదిలితే భుజం మార్చుకున్నాడు. గొంతు మాత్రం పెంచలేదు.

“పోయిన వానకాలంల మా ఇంటామె తాహేరాకు నొప్పులొస్తె మీ గేటు కాడ నిలవడి బతిమిలాడిన సార్. బండి స్టార్ట్ అయితలేదన్నరు. ఆటో దొరికి దవాఖానకు పోయేవరకు శానా రక్తం పోయింది. పిల్ల దక్కింది, ఆమె దక్కలే.”

నర్సింగమ్మ తలుపు తీసుకుని, కారు దిగింది.

“నాలుగు నెలల సంది,” అన్నాడు ఫక్రుద్దీన్, “నేను గీ బండినే తిట్టుకుంటున్న సార్.”