తొమ్మిది గడుల వెలుగు

ప్రొజెక్టర్ పెట్టె మీద పన్నెండు వేల ల్యూమెన్ల వెలుగు అని రాసి ఉంది. దత్తాత్రి ఆ అంకెను నమ్మదలచుకోలేదు.

"పెట్టె మీద ఏమన్న రాస్తరు. మనం కొలిచి చూడాలె," అన్నాడు భార్య బాలలక్ష్మితో.

ఆయన సిద్దిపేట మార్కెట్ యార్డులో గుమస్తా. పత్తిలో తేమ మొదలు పెళ్లిలో పప్పు చిక్కదనం దాకా దేన్నైనా కొలవనిదే నిద్రపట్టని మనిషి.

ఆదివారం క్రికెట్ ఫైనల్. గోడంత బొమ్మ చూపిస్తానని గల్లీలో అందరికీ మాటిచ్చేశాడు. బొమ్మ మసకగా వస్తే పరువు పోతుంది. ఇవాళ సాయంత్రం దాటితే దుకాణంవాడు వాపస్ తీసుకోడు.

ఫోన్ మోగింది. ఎదురింటి లింగమూర్తి. స్పీకర్‌లో పెట్టాడు.

"అన్నా, ఆదివారం మా బామ్మర్దులు గూడ వస్తున్రు. పోయినసారి లెక్క మిర్చీలు చెయ్యమను వదినెను. చాయ్‌ల అల్లం జర ఎక్కువెయ్యాలె."

"చేస్తది. గదెంత పని," అన్నాడు దత్తాత్రి.

బాలలక్ష్మి తల ఊపింది. పోయినసారి ఎవరు గెలిచారో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

స్టూడియో నాగేశ్‌ను అడిగి దత్తాత్రి లైట్ మీటర్ తెచ్చాడు. చేతిలో పట్టుకునే డబ్బాలో అంకెలు కనబడతాయి. డబ్బాకో వైరు, వైరు చివర రూపాయి బిళ్లంత తెల్లటి కన్ను. ఆ కన్ను మీద ఎంత వెలుగు పడితే అంత అంకె.

కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేశాడు. గోడ మీద తెల్లటి వెలుగు వేసి, పెన్సిల్‌తో తొమ్మిది గడులు గీశాడు.

"ఒక్కో గడి నడుమ గీ కన్ను పెట్టాలె. తొమ్మిదింటి సగటు తీసి, బొమ్మ వైశాల్యంతోని గుణిస్తే అసలు ల్యూమెన్లు వస్తయి. నువ్వు పక్కకు నిలబడి చెయ్యి చాపు. నీ నీడ పడొద్దు."

"పడనియ్య."

వైరు కురచ. ఆయన గోడ కిందే చతికిలబడ్డాడు. ప్రొజెక్టర్ వెలుగు కళ్లలో కొడుతుంటే తల వంచుకుని అంకె మీదే చూపు పెట్టాడు.

మొదటి గడి. ముఖం చిట్లించాడు.

"కదిలినవా?"

"లేదయ్యా. రాయి లెక్క నిలబడ్డ."

రెండో గడి, మూడో గడి. అదే వరస. కనీసం నడిమి గడిలోనైనా ఎక్కువ రావాలి. అక్కడ మరీ తక్కువొచ్చింది.

"కండ్లకైతే మంచిగనే కొడ్తుంది గదా," అంది బాలలక్ష్మి జాలిగా. "ఉంచుకుందం తియ్యి."

"కండ్లు మోసం చేస్తయి. మీటర్ చెయ్యది."

ఫోన్‌లో కూడాడు, భాగించాడు, గుణించాడు. పన్నెండు వేలు కాదు, పన్నెండు వందలూ కాదు. నూటికి కాస్త అటూ ఇటూ.

"గింత వెలుగుకు ప్రొజెక్టర్ ఎందుకు, జీరో బల్బు చాలు," అన్నాడు నీరసంగా.

పాపం, ఇంకోసారి కొలుద్దామని ఆమే అంది. కొలిచారు. ఇంకా తగ్గింది.

ఆయన లింగమూర్తికి ఫోన్ చేశాడు.

"తమ్మీ, గిది ఫెయిలయింది. ఆదివారం మేమే మీ ఇంటికొస్తం. మిర్చీల సంగతి మీ ఇంటామెకు చెప్పు."



దత్తాత్రి ప్రొజెక్టర్‌ను పెట్టెలో సర్ది, టేపు వేసి, మీటర్ కోసం చెయ్యి చాపాడు.

"గా కన్ను గిటియ్యి. నాగేశ్‌కు ఇచ్చొస్త."

బాలలక్ష్మి అప్పటిదాకా దాని మీద అదిమిపెట్టిన బొటనవేలు తీసి, ఇచ్చింది.