ఖాళీ అర

“ఏనుగు డి ఏడు,” అంది పంతులమ్మ, హాజరు పిలిచినంత తేలిగ్గా.

పప్పుల వ్యాపారి చెవులు రిక్కించాడు. జాతీయ చదరంగం ఫైనల్లో ఆమె చేతిలో వరసగా మూడేళ్లు ఓడాడు. కప్పు కోసమని కొట్లో నడిమి అర ఖాళీ చేసి కూడా మూడేళ్లయింది. ఖాళీ అరంటే రోజూ నష్టమే. “ఈసారీ ఉత్తచేతులతో వస్తే అందులో సబ్బులు పెట్టేస్తా,” అని భార్య తేల్చేసింది. ఆ గోడు పొద్దున పంతులమ్మకే చెప్పుకున్నాడు.

ఎత్తు పైకి చెప్పాలన్నది ఈ పోటీ నియమం. అందులో అతనికో లాభముంది. సరుకు నచ్చినవాడే నచ్చనట్టు మాట్లాడతాడు. ఆమె గొంతు మరీ తేలిగ్గా ఉంది. అంటే, ఏదో భయం దాస్తోంది.

పావుల్ని వేలికొసలతో ఒక్కొక్కటే తడుముకుంటూ పోయాడు. కొట్లో పప్పు నాణ్యం తేల్చేదీ అలాగే. వేలు ఒకచోట ఆగింది.

“గుర్రం ఎఫ్ ఆరు. షా!”

రాజూ ఏనుగూ ఒకే దెబ్బకి చిక్కాయి.

అప్పుడే కరెంటు పోయింది. మిట్టమధ్యాహ్నమే, కానీ కిటికీల్లేని నేలమాళిగ హాలు. కన్ను పొడుచుకున్నా కానరాదు. ప్రేక్షకుల్లో కుర్చీలు దొర్లాయి.

“ఎవరి కాలండీ అది?”

“నన్నడుగుతారేం? నా చెప్పే పోయింది!”

రిఫరీ బల్ల అంచు తడుముకున్నాడు. “ఆట ఆపుదామా?”

“గిట్టుబాటయ్యే వేళ ఎవరైనా కొట్టు మూస్తారా?” అన్నాడు వ్యాపారి.

“పాఠం మధ్యలో సెలవిచ్చే అలవాటు నాకూ లేదు,” అంది పంతులమ్మ. “రాజు హెచ్ ఎనిమిది.”

“గుర్రంతో మీ ఏనుగుని కొట్టా.”

ఇంకో పన్నెండు ఎత్తులు నడిచాయి.

“ఆటకట్టు!” అన్నాడు వ్యాపారి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పంతులమ్మ పకపకా నవ్వింది. “పాపం, మీ ఆవిడ సబ్బులకి వేరే చోటు చూసుకోవాలి.”

చీకట్లోనే చప్పట్లు మోగాయి. పడతామన్న భయంతో ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు.

“కప్పు తర్వాత, ముందు బయటపడే దారి చెప్పండి బాబూ!” అన్నాడు రిఫరీ.

“తలుపుకి పద్నాలుగు అడుగులు, ఆపైన ఇరవై రెండు మెట్లు. వచ్చేటప్పుడే లెక్కపెట్టా,” అన్నాడు వ్యాపారి. “పంతులమ్మగారూ, బయల్దేరదామా? మిగతావాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకోండి.”

చూపున్నవాళ్లందరి ముందు రెండు తెల్లకర్రలు టకటకమంటూ కదిలాయి.